అత్త ఫోన్ నిండా చంద్రుళ్లు

మా మేనత్త మొన్న తెల్లవారుజామున పోయింది. నాన్న ఫోన్ చేసి, "అక్క లేదమ్మా" అన్నాడు. ఆ వెంటనే, "ఫ్లెక్సీకి మంచి ఫొటో ఒకటి వెతుకు, మధ్యాహ్నానికల్లా కావాలంట" అన్నాడు. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. మా వైపు ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేవకపోతే మనిషికి మర్యాద జరిగినట్టు కాదు.

ఊరు చేరగానే అత్త ఫోన్ తెరిచాను. ఎంత జరిపినా చంద్రుళ్లే. మబ్బులో సగం మునిగినవాడు, మబ్బు అంచుకి వెలుగు పూసి తాను దాక్కున్నవాడు. అత్త మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ఫ్లెక్సీ షాపతని నుంచి ఆగకుండా ఫోన్లు. "పంపించండి మేడం, మిషన్ ఖాళీగా ఉంది." నాకు అత్త మీదే కోపం వచ్చింది. ఒక్క ఫొటో అయినా దిగొద్దా!

కళ్లంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో మబ్బు పట్టిందంటే అందరికీ గుండెల్లో రాయి పడేది. అదే పున్నమి అయితే అత్తకు సంబరం. ఒకసారి చినుకులు మొదలయ్యేలా ఉంటే నాన్న కాయల మీదకి పట్టాలు లాగుతూ అరిచాడు.

"కాయ తడిస్తే కొంప కొల్లేరవుద్దక్కా! నువ్వేమో సెల్లు పట్టుకుని నుంచున్నావు!"

"ఊరికే నుంచున్నానా? పట్టా లేవకుండా తొక్కిపట్టాను కదరా" అంది అత్త, పైకి చూస్తూనే.

నిజంగానే పట్టా కొస ఆవిడ కాళ్ల కింద ఉంది.

"మబ్బు పోయాక తీయొచ్చుగా అత్తా?" అన్నాను.

"ఖాళీ ఆకాశంలో ఎవరైనా తీస్తారే. మబ్బులో ఉన్నప్పుడే తీయాలి" అంది. తెరమీద చంద్రుడి మీద వేలు పెట్టి, వెలుగు తగ్గేలా కిందకి ఎలా జరపాలో చూపించింది. అప్పటిదాకా బల్బులా మండిపోతున్నవాడు చల్లబడి, చుట్టూ మబ్బు పొరలు కనిపించాయి. ఒక్క క్షణం కుదురుగా నిలబడలేని నన్ను అలా ఆకాశం కింద నిలబెట్టింది అత్తే. ఆవిడకు ఎంతో రుణపడి ఉన్నాను.

చివరికి ఎవరిదో పెళ్లి గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించి పంపాను. ఫ్లెక్సీలో అత్త పక్కన ఎవరిదో భుజం మిగిలిపోయింది. ఆ ముఖం అత్తదే, కానీ అత్తలా లేదు.

సాయంత్రం, అంతా అయిపోయాక, మనసు నిలవక మళ్లీ అత్త ఫోన్ తీశాను. ఫొటో అనుకుని పొరపాటున వీడియో నొక్కింది ఒకటి దొరికింది. చంద్రుణ్ణి మబ్బు మూసేసింది. తెరంతా నలుపు. గాలి చప్పుడు. ఆ నల్లదనంలోంచి అత్త గొంతు, "ఉండుండు... ఇదిగో, వచ్చేస్తున్నాడు."

రాకముందే వీడియో అయిపోయింది. మళ్లీ నొక్కాను.