కార్తీక సోమవారం కొర్రమేను పులుసు

తెలుగు బ్లాగులు కొత్తగా వచ్చిన రోజుల్లో రాసేవాళ్ళమూ మేమే, చదివేవాళ్ళమూ మేమే. రాసింది ఎలా ఉందన్నదానికన్నా ఏ వేళకు వదలాలన్నదే నా బెంగ. ఏ పూట ఎన్ని వ్యాఖ్యలు వస్తున్నాయో నా అంతట నేనే కొన్నాళ్ళు లెక్కగట్టి, సోమవారం ఉదయం పదకొండు గంటలను మించిన ముహూర్తం లేదని తేల్చాను. (ఆఫీసులో టీ అయిపోయి, భోజనానికి ఇంకా వేళకాని సమయం. ఆ కాసేపూ మనిషి పని తప్ప ఏదైనా చేస్తాడు.)

అప్పుడే మా బావ ఉద్యోగం మానేసి బందరు రోడ్డు పక్క సందులో కర్రీ పాయింటు పెట్టాడు. అది నిలబడితేనే ఇల్లు నిలబడేది. అక్క వండే కొర్రమేను పులుసు మీదే ఆశంతా. “నీ బ్లాగులో రెండు ముక్కలు రాయరా” అంది అక్క. “రెండు ముక్కలేంటక్కా, జనాన్ని తోలుకొస్తా చూడు” అన్నాను. దసరా సెలవుల్లో కూర్చుని, పులుసు కుతకుతలాడే చప్పుడుతో సహా రాసి, చివర “ఈ రోజే రండి” అని చేర్చాను. దగ్గరి సోమవారాలన్నీ నా వేరే పోస్టులతో నిండిపోవడంతో, ఆ తర్వాతి నెలలో ఖాళీగా ఉన్న సోమవారం పదకొండింటికి దానంతటదే వచ్చేలా పెట్టి, ఆ సంగతే మరిచిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

“ఒరేయ్, ఇవాళేం వారంరా?”

“సోమవారం. అందుకేగా పెట్టింది!”

“కార్తీక సోమవారంరా మొద్దూ! ఇక్కడ పొయ్యి మీద కందా బచ్చలుంది. మీ ఆఫీసు వాళ్ళిద్దరొచ్చి కొర్రమేను ఏదండీ అంటున్నారు. వాళ్ళు చర్చికెళ్ళేవాళ్ళంట, కార్తీకంతో పనిలేదంట. మీ బావ గరిటె పట్టుకుని అట్టా నిలబడిపోయాడు!”

వెనక నుంచి బావ గొంతు: “ఊరంతా ఉపవాసముంటే చేపల టముకేసిన మొనగాడు మీ తమ్ముడొక్కడే అని చెప్పు!”

బ్లాగు తెరిస్తే వ్యాఖ్యలు కుప్పలు. “నక్షత్రాలు కనపడేదాకా మంచినీళ్ళతో ఉన్నదాన్నండీ, మీకిది న్యాయమా?” అని ఒకావిడ. “పాపం అని తెలిసీ రెండుసార్లు చదివించారు కదండీ” అని ఇంకొకాయన. షాపు మునిగినట్టేనని నాకు అన్నం సయించలేదు.

కార్తీకం ముగిసి, పోలి పాడ్యమి దీపాలు కృష్ణలో వదిలిన మర్నాడు, మా బావ షాపు తలుపు తీసేసరికే సందు చివరిదాకా జనం. “ఆ పులుసు ఇక్కడేనాండీ? నెలంతా గుర్తుపెట్టుకున్నాం” అంటూ గిన్నెలతో వచ్చారు. ఒంటిగంటకల్లా కుండ ఖాళీ. నాకు అడుగున మిగిలిన పులుసు మాత్రమే పెడుతూ, “వచ్చే కార్తీకానికి కూడా ఇట్టాగే ఎయ్యి బామ్మర్దీ, తిట్లు నువ్వు తిను” అన్నాడు బావ.

ఇదంతా నా లెక్క గొప్పతనమేనని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఏది రాసినా గడియారంతో పాటు గోడ మీది క్యాలెండరు కూడా చూసి వదులుతాను. అన్నీ తగిన వేళకే వస్తాయి, ఒక్కరూ తిట్టరు. కడుపు కాలుతున్నవాళ్ళ ముందు చేపల పులుసు పెట్టి, “ఈ రోజే రండి” అనగలిగిన ఆ కుర్రవాడి మీద అప్పుడప్పుడూ కాస్త అసూయగా ఉంటుంది.