సింగరయ్య ఇసుక బస్తాలు

మా పెరటి షెడ్డులో ఒకప్పుడు దుగ్గిరాల యార్డుకు వెళ్ళే పసుపు నిలవ ఉండేది. పొలం కౌలుకిచ్చాక అది ఖాళీగా పడి ఉంటే, మొన్న శ్రావణంలో సింగరయ్యకు అద్దెకిచ్చాం. ఇచ్చింది మా ఆయన పూర్ణచంద్రరావు గారు. నన్ను అడిగి ఉంటే నాలుగు ప్రశ్నలు వేసి గాని ఇచ్చేదాన్ని కాదు. ముందు వేయని ఆ ప్రశ్నలన్నీ తర్వాత నాలుగు నెలలపాటు వేయాల్సి వచ్చింది.

సింగరయ్యది నిజాంపట్నం రేవు. వయసు యాభై అయిదు పైమాటే. తాత, తండ్రి సముద్రం మీద వేటకు వెళ్ళినవాళ్ళు. ఇతను ఒడ్డునే ఉండి పడవలు బాగుచేయడం నేర్చాడు. మొదట చెక్క పడవలు, తర్వాత ఫైబరు పడవలు. పగిలిన చోట గాజుపీచు గుడ్డ పరచడం, జిగురు పూయడం, ఆరాక నున్నగా గీకడం. ఆ గీకిన ధూళి ముప్పై ఏళ్ళు పీల్చేసరికి ఊపిరి ఆడక, డాక్టరు ఇక రేవు పని మానేయమన్నాడు. రేపల్లెలో కాపురం పెట్టి కార్ల బంపర్లు సరిచేయడం మొదలుపెట్టాడు. అక్కడ కార్లు తక్కువని తెనాలి వచ్చాడు. భార్య గంగరత్నం ఒక్కతే రేపల్లెలో ఉండిపోయింది. శనివారం సాయంత్రం రైలెక్కి వెళ్ళి సోమవారం పొద్దున తిరిగి వస్తాడు.

ఇదంతా ఒక్కరోజులో చెప్పలేదు. రోజుకొక ముక్క చొప్పున నేనే లాగాను. అంత తక్కువ మాట్లాడే మనిషి మీద ఎవరికైనా అనుమానం రాదా?

దానికి తోడు అతని పద్ధతులు. షట్టరు ఎప్పుడూ సగం దించే ఉంచేవాడు. లోపలినుంచి ముక్కు మండే వాసన వచ్చేది. బంపరు తెస్తే ముందు వేలి కణుపుతో అంగుళం అంగుళం కొట్టి, చెవి ఆనించి వినేవాడు.

"ఏంటి సింగరయ్యా, అది నీతో ఏమైనా చెబుతోందా?" అన్నాను ఒకరోజు.

"చెప్పుద్దండి. లోపల గాలి ఉంటే ఒక మోత, గట్టిగా ఉంటే ఒక మోత."

"మరి మనుషుల్ని కూడా అట్లాగే కొట్టి చూస్తావా?"

"అమ్మగారిని కొట్టక్కర్లేదండి. ఊరికే మోగుతారు."

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను మరిచిపోలేదు.

కార్తీకంలో మనోజ్ కారు వచ్చింది. మనోజ్ మా పిన్ని కూతురు నీరజ కొడుకు. బాపట్లలో రొయ్యల మేత వ్యాపారం చేస్తాడు. సెకండ్ హ్యాండ్‌లో ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే తలుపులు, వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. దానికి ముందు బంపరు కింద ఒక అంచు బిగించాలట, దాన్ని లిప్ అంటారట. ఉన్న ముక్కు చాలక ఇంకో ముక్కు ఎందుకురా అంటే, "లుక్కు పెద్దమ్మా" అన్నాడు. రెండు రకాలు తెప్పించి రెండు పెట్టెలూ షెడ్డు ముందు విప్పాడు. ఒకటి నల్లగా నిగనిగలాడుతూ బాగా కిందికి దిగేది. రెండోది మెరుపు లేనిది, పొట్టిది, పట్టుకుంటే రబ్బరులా వంగేది.

"మేస్త్రీ, ఈ మెరిసేది పెట్టెయ్" అన్నాడు మనోజ్.

సింగరయ్య దాన్ని కణుపుతో కొట్టి విన్నాడు. "ఇది గట్టి ఫైబరండి. నేలకి తగిలితే పగులుద్ది. వంగేది పెట్టుకోండి. తగిలినా వంగి మళ్ళీ లేస్తది."

"ముప్పై ఏళ్ళు ఫైబరు పని చేసి ఫైబరొద్దంటావేంటి?"

"చేశాను కాబట్టేనండి. రెండూ టేపుతో పెట్టి చూస్తాను. అప్పుడు మీరే చెప్పండి."

మనోజ్ సరేనని కారు వదిలి బస్సులో వెళ్ళాడు. వెళ్ళేముందు, ఇది బాగా కుదిరితే కార్లున్న తన స్నేహితులు ఎనిమిది మందినీ పంపిస్తానన్నాడు. ఆ సాయంత్రం సింగరయ్య తనంతట తాను ఒక మాట చెప్పాడు, అదే మొదటిసారి. "ఈ కారు కుదిరితే గంగరత్నాన్ని తీసుకొచ్చేస్తానండి. లేకపోతే సామాను సర్దుకుని నేనే పోతాను."

నాకు ఆ మాట వినపడింది గాని, బుర్రలో ఇంకోటి తిరుగుతోంది. మెరిసేదాన్ని వద్దనే పనివాడిని నేను ఎక్కడా చూడలేదు. పక్కన పెట్టించి, మనోజ్ మరిచిపోయాక ఇంకెవరికైనా బిగిస్తాడా?

శుక్రవారం మధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే రిక్షాలో నాలుగు బస్తాలు దిగాయి. సింగరయ్య అటూ ఇటూ చూశాడు. ఒక్కొక్క బస్తానే ఆయాసపడుతూ మోసి కారులోకి ఎక్కించాడు. ముందు సీట్లలో రెండు, వెనక రెండు. ముందు వాటికి సీటు బెల్టులు కూడా పెట్టాడు. కారు కిందికి కుంగింది. అప్పుడు గాట్లు పెట్టిన కర్ర ఒకటి పట్టుకుని బంపరు ముందు కూర్చుని, ఏదో కొలిచి, గోడ మీద సుద్దతో రాశాడు. తర్వాత బస్తాలు దించి మూలన పెట్టి గోనెపట్టా కప్పాడు.

"బియ్యం అయ్యుంటాయి. రేషను బియ్యం" అన్నాను మా ఆయనతో. "పోలీసులు ఆపని కారు కదా అని దీన్ని ఎంచుకున్నాడు. ఎన్ని పడతాయో చూసుకుంటున్నాడు."

"సీటు బెల్టు పెట్టుకున్న బియ్యాన్ని ఎవరూ పట్టుకోరులే" అన్నారాయన.

శనివారం అతను రైలెక్కాడు. ఆదివారం పొద్దున నేను మారు తాళంచెవి తీసుకుని షెడ్డులోకి వెళ్ళాను. మొదటి బస్తా ముడి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. ఇసుక. అడుగున ఏమైనా ఉందేమోనని వంచేశాను. అందులో లేకపోతే రెండోదాంట్లో ఉంటుందని అదీ వంచాను. నాలుగూ అయ్యాక షెడ్డంతా ఇసుకే, నా చీర కుచ్చిళ్ళతో సహా.

"ఇసుకే కదా, ఇక ఊరుకో" అన్నారు మా ఆయన.

"ఉత్త ఇసుకైతే పట్టా ఎందుకు కప్పాడు?"

నేను ఊరుకోలేదు. మనోజ్‌కి ఫోను చేసి బస్తాలు, కర్ర, చెవి ఆనించడం, మెరిసేది వద్దనడం, అన్నీ వరసగా చెప్పాను. మధ్యాహ్నానికల్లా వచ్చి కారూ, రెండు పెట్టెలూ తీసుకుని వెళ్ళిపోయాడు. విజయవాడలో ఎవరో గంటలో బిగించి ఇస్తారట.

సోమవారం సింగరయ్య వచ్చి షెడ్డు తీశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"ఎవరైనా వచ్చారాండి?"

"మనోజ్ వచ్చి కారు తీసుకెళ్ళాడు. అర్జెంటట."

"ఇసుక ఒలికిందండి."

"పిల్లి అయ్యుంటుంది."

"నాలుగు బస్తాల ముడులు విప్పి, మళ్ళీ తాళమేసుకెళ్ళిన పిల్లాండి?"

అతను కోప్పడలేదు. అరుగు కింద నిలబడి మెల్లగా చెప్పాడు. "ఖాళీ పడవకి మేం ఎప్పుడూ గీత గియ్యమండి. మనుషులు, వలలు, ఐసు, అంత బరువూ ఎక్కాక నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ గీస్తాం. కారైనా అంతే గదండి. ఖాళీగా ఉన్నప్పుడు నేలకి జానెడు ఎత్తుంటది, నలుగురు ఎక్కితే ఎంతుంటదో ఎవరికి తెలుసు? అందుకే బస్తాలు. ఇసుక మీద పిల్లులు పాడుచేస్తాయని పట్టా కప్పానండి."

తర్వాత అన్నాడు, "ఈ నెలాఖరుకి షెడ్డు ఖాళీ చేస్తానండి. గంగరత్నానికి రావద్దని ఫోను చేశాను."

అప్పుడే మనోజ్‌కి ఫోను చేసి ఉండాల్సింది. చేయలేదు. అంత చక్కగా కుదిరిన జవాబు ముందే తయారుచేసుకున్నదేమో అనిపించింది. ఆ ఇసుక మాత్రం నా పూలకుండీల్లో పోయించాను. కళ్ళెదుట ఉంటే అన్నం సహించలేదు.

గురువారం సాయంత్రం మనోజ్, వాళ్ళ నాన్న మధుసూదన్, నీరజ, చెల్లెలు చందన అమృతలూరులో పెళ్ళి చూసుకుని, మాకు కారు చూపించడానికి వచ్చారు. మెరిసే లిప్ బిగించి ఉంది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది, కారు నేలను వాసన చూస్తున్నట్టు. మా వీధి మొదట్లో ఒక స్పీడు బ్రేకరు ఉంది. కుర్రాళ్ళ మోటారు సైకిళ్ళ జోరు చూడలేక, మునిసిపాలిటీ వాళ్ళ వెంటపడి నేనే వేయించాను. చాలా ఎత్తుగా వేయించాను. నలుగురితో బరువుగా వచ్చిన కారు దాని మీదికి ఎక్కి దిగింది. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. లిప్ ఎడమ సగం విరిగి రోడ్డు మీద పడింది.

సింగరయ్య షెడ్డులోంచి వచ్చి ఆ ముక్క తీశాడు. అలవాటుగా కణుపుతో కొట్టబోయి ఆగాడు. నవ్వుతాడేమోనని అతని మొహమే చూస్తూ నిలబడ్డాను. నవ్వలేదు. "లోపల బంపరుకేం కాలేదండి" అని మనోజ్‌కి చెప్పాడు.

"విజయవాడలో బాగానే కొలిచారే" అన్నాడు మనోజ్.

"ఎవరూ ఎక్కకుండా కొలిచుంటారు" అన్నాను నేను. "సింగరయ్య మనుషుల బరువు పెట్టి కొలిచాడు. ఆ బస్తాలు అందుకే. తాళం తీసి అవి వంచింది నేనే, నీకు లేనిపోనివి చెప్పిందీ నేనే."

నీరజ నోరు తెరిచింది. మా ఆయన పేపరు కింద పెట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఇలా ఒప్పుకోవడం ఆయన చూడలేదు.

కారు షెడ్డులోకి వెళ్ళింది. మధుసూదన్, నీరజ రైలుకు బాపట్ల వెళ్ళారు. మనోజ్, చందన కారు పని అయ్యేదాకా మా ఇంట్లో ఉండిపోయారు. తెల్లారి సింగరయ్య బంపరు అంచంతా సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, నడిమధ్యకు సుద్ద గీత గీశాడు. కారు డిక్కీలోనే పడి ఉన్న వంగే లిప్‌ను తీసి, ముందు కాగితం టేపుతో ఊరికే నిలబెట్టాడు. గాట్ల కర్ర తీసుకుని చుట్టూ చూశాడు.

"బరువు కావాలండి. బస్తాలు లేవుగదా."

ఎవరూ పిల్లి ఊసెత్తలేదు. మనోజ్ స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. వెనక మా ఆయన, చందన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ముందు సీటు నాకు మిగిలింది. లోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది. సింగరయ్యే వంగి బెల్టు పెట్టాడు.

"బస్తా ఒక్కోటి అరవై కేజీలండి. మీరంతా ఎంతెంతో చెప్తే బస్తాలతో తీసిన పాత కొలతతో లెక్క సరిచూసుకుంటాను."

మనోజ్ డెబ్బై రెండన్నాడు. చందన యాభై ఒకటి. మా ఆయన అరవై మూడు. అతను ఒక్కొక్కటీ సుద్దతో గోడ మీద రాసి నా వైపు తిరిగాడు.

"అమ్మగారండి?"

ఈ వీధిలో ఎవరి జీతమెంతో, ఎవరింట్లో ఏం కూరో నేను అడగని రోజు లేదు. నన్ను ఈ ప్రశ్న అడిగిన మనిషి మాత్రం ఇంతవరకు లేడు. తప్పు చెబితే అతని లెక్క తప్పుతుంది, అతని పనీ దాంతోపాటే పోతుంది. నిజమే చెప్పాను. వెనక సీట్లో మా ఆయన దగ్గారు.

సింగరయ్య అదీ గోడ మీద రాశాడు. కింద కూర్చుని కర్ర పెట్టి చూసి, లిప్‌ను రెండువేళ్ళు వెనక్కి జరిపి, మళ్ళీ చూశాడు. మేం దిగాక రెండువైపులా అంటుకునే టేపు వేసి అతికించి, అడుగునుంచి మరలు బిగించి, ఆ రోజంతా కదపనివ్వలేదు. మర్నాడు మళ్ళీ నలుగురం ఎక్కి నా స్పీడు బ్రేకరు దాటాం. అంచు ఒకసారి రాసుకుని వంగి లేచింది. చప్పుడు లేదు.

మనోజ్ ఎనిమిది మందిని పంపుతానన్నవాడు ఇప్పటికి ముగ్గురిని పంపాడు. పోయిన సోమవారం రేపల్లె రైల్లో గంగరత్నం రెండు ట్రంకు పెట్టెలతో దిగింది. నేను మారు తాళంచెవి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

షట్టరు ఇంకా సగం దించే ఉంటుంది. ఆ గోడ మీద నా అంకె చెరిపాడో, వచ్చిన కారువాళ్ళంతా చదువుతున్నారో తెలియదు. వెళ్ళి చూద్దామంటే తాళంచెవి నా దగ్గర లేదు.