పటేలు ఇంటి ఒకటో రిమోట్

మా నాన్న బెంగళూరు కోర్టులో భూమి కేసు ఓడిపోయిన రోజు ఒక వీడియో గేమ్ పెట్టె కొనుక్కుని ఇంటికి వచ్చాడు. పటేలు ఇంటివాడు ఉత్త చేతులతో ఊళ్లో దిగకూడదని ఆయన పట్టుదల. బస్సు దిగి, పెట్టెను చంకన పెట్టుకుని, తల ఎత్తి వీధి మధ్యలో నడిచాడు. మేము కేసు గెలిచామనే ఊరంతా అనుకుంది.

మాది కర్ణాటకలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పావగడ తాలూకాలో, రాయచెర్లు పక్కన చిన్న ఊరు. మా తాత ఆ ఊరికి పటేలు. ఆ పదవిని సర్కారు ఎప్పుడో రద్దు చేసింది. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఒప్పుకోలేదు, నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఊళ్లో పెళ్లయినా, గృహప్రవేశమైనా మొదటి తాంబూలం మా గడపకే రావాలి, వస్తుంది. పొలాలు పోయాయి, ఎద్దులు పోయాయి, వెండి పళ్లేలు పోయాయి. తాంబూలం మాత్రం పోలేదు.

దాన్ని అందుకునే పద్ధతి తాతే నాకు నేర్పాడు. వీపు నిటారుగా ఉండాలి. రెండు చేతులూ చాచాలి. చూపు ఇచ్చేవాడి తల మీదుగా దూరంగా పోవాలి. పళ్లెంలోకి మాత్రం చూడకూడదు. చూస్తే, ఏం తెచ్చాడా అని ఆశగా వెతుకుతున్నట్టు ఉంటుంది. పళ్లెం లోపలికి పోయాక ఆడవాళ్లు చూసుకుంటారు.

ఆ వీడియో గేమ్ పెట్టెకు వెనక నుంచి తీగలతో రెండు రిమోట్లు వేలాడేవి. ఒకటో రిమోట్‌కు స్టార్ట్ బటన్ ఉండేది, రెండోదానికి ఉండేది కాదు. అంటే ఆట మొదలుపెట్టాలన్నా, మధ్యలో ఆపాలన్నా ఒకటో రిమోట్ వాడి ఇష్టమే. దాన్ని తయారు చేసినవాడెవడో గానీ మర్యాద తెలిసినవాడు. ఒకటోది ఎవరిదో మా ఇంట్లో చర్చ రాలేదు. రెండోది మా పొలం దున్నే ఆయన కొడుకుది. వాడూ నేనూ ఒకే బడి, ఒకే తరగతి. పెట్టెలో దూర్చే ఆట క్యాసెట్‌లోకి ఊది దుమ్ము పోగొట్టడంలో వాణ్ని మించినవాడు లేడు కాబట్టి వాడు లేనిదే ఆట మొదలయ్యేది కాదు.

మేము ఆడింది ట్యాంకుల ఆట. ఒకటో రిమోట్‌కు పసుపు ట్యాంకు, రెండోదానికి ఆకుపచ్చది. ఇద్దరూ కలిసి శత్రువుల ట్యాంకులను పేల్చాలి, కింద ఇటుకల మధ్య ఉన్న పిట్టను కాపాడాలి. మన గుండు మనవాడికే తగిలితే వాడు చావడు గానీ కాసేపు కొయ్యబారిపోతాడు. ఆకుపచ్చ ట్యాంకు నాకంటే ముందుకు పోయినప్పుడల్లా ఒక గుండు వేసేవాణ్ని. అది పగ కాదు, పద్ధతి.

ఒక స్టేజిలో తెర నిండా నీళ్లు వచ్చేవి. మా తాలూకాలో అన్ని నీళ్లు ఒకచోట ఎవరూ చూసి ఉండరు. హాల్లో కూర్చున్న పిల్లలంతా ఆట మరిచిపోయి నీళ్లనే చూసేవాళ్లు. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయేది. ఆ పెట్టెకు జ్ఞాపకం అనేది లేదు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి స్టేజి నుంచే. నీళ్ల అవతల ఏముందో మేము ఒక్కనాడూ చూడలేదు. తర్వాత పెట్టె చెడిపోయింది, టీవీ అమ్ముడుపోయింది, ఇద్దరం పెద్దవాళ్లమయ్యాం.

మా చివరి పొలాన్ని కొన్నది వాడి నాన్నే. తర్వాత సోలార్ పార్కు వచ్చింది, ఆ పొలం దాని కిందకు పోయింది. వాడికి ఇప్పుడు ఏటా కౌలు వస్తుంది. మాకు మిగిలింది గుట్ట వెనక సాగుకు రాని నేల చెక్క ఒకటి. కంపెనీవాళ్లు వచ్చి, ఆ బండరాళ్లను చూసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. నేను కాంట్రాక్టరు దగ్గర ప్యానెళ్లు కడిగించే పని చూస్తాను. ఒకప్పటి మా పొలంలోనే నా ఉద్యోగం. అక్కడ నడిచేటప్పుడు నేను పొలం చూసుకోవడానికి వచ్చినట్టే నడుస్తాను. చేతులు వెనక్కి కట్టుకుంటే సరిపోతుంది.

ఒకనాడు వాడు బైకు వేసుకుని నేరుగా ప్యానెళ్ల వరసల దగ్గరికే వచ్చాడు.

"పటేలా, మన ట్యాంకుల ఆట దొరికిందప్పా!"

"యాడ?"

"ఇంటికి కొత్త గేమ్ పెట్టె తెచ్చినా. పాత ఆటలన్నీ దాన్లోనే ఉండాయి. క్యాసెట్ లేదు, ఊదే పనీ లేదు. మా ఆడామె ఆకుపచ్చ ట్యాంకు తోలింది, నేను పసుపుది తోలినా. నీళ్ల స్టేజి కాడికి పోయినాము."

నాకు వినబడింది ఒక్క మాటే.

"పసుపు ట్యాంకు నువ్వు తోలినావా?"

"తోలితే ఏందప్పా? అదేమన్నా మీ తాత పేరు మీద ఉండాదా?"

"సరే, నీళ్ల అవతల ఏముంది?"

"చూళ్లేదు. ఆట ఆడనే ఆపి పెట్టినా. కొత్త పెట్టె ఆటను నిద్రపుచ్చుతుంది, మళ్లీ లేపితే ఆడి నుంచే. నువ్వు లేకుండా దాటితే బాగుండదని అట్లే పెట్టినా. ఆదివారం రా."

వస్తానని నేను అనలేదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే నా భార్య తలుపు దగ్గర నిలబడింది.

"యాడికి పోతాండారు, పెండ్లికి పోయినట్టు?"

"వాళ్లింటికి ఏదో కొత్త పెట్టె వచ్చిందంట. ఎట్లుందో చూసొస్తా."

"మీరు చూడకపోతే అది పని చేయదా ఏంది?"

వాడి హాల్లో గోడంత టీవీ ఉంది. దాని మధ్యలో, చిన్న చతురస్రంలో, మా పాత ఆట. రెండు పక్కలా నల్లగా ఖాళీ. సాగదీసి తెర నిండా పరచొచ్చని వాడు చూపించాడు. సాగదీస్తే ట్యాంకులు చూడి గేదెల్లా ఉబ్బాయి. పాత కొలతే ఉండాలన్నాను.

"పొలం పోయినా కొలత మాత్రం వదల్డు" అని వాడు లోపల ఉన్న భార్యకు వినబడేటట్టు అన్నాడు. లోపల నుంచి నవ్వు వినిపించింది.

తర్వాత నా చేతికి ఒక రిమోట్ ఇచ్చాడు. తీగ లేదు, రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి, రెండింటికీ స్టార్ట్ బటన్ ఉంది. ఎవరు ముందు నొక్కితే వాళ్ల రిమోట్ మీద ఒకటో దీపం వెలుగుతుందట. వాడిది అప్పటికే వెలుగుతోంది. నా దాని మీద రెండు దీపాలు.

"ఇది రెండోది" అన్నాను.

"అవునప్పా."

"నేను రెండోది పట్టుకోను."

"అయితే చూస్తా కూచో."

నేను కూర్చున్నాను. వాడూ కూర్చున్నాడు. ఇద్దరం కాఫీ తాగుతూ తెర మీది నీళ్లను చూశాం. లాక్కుని ముందుగా నొక్కడానికి నాకు చేతులు లేక కాదు. మా ఇంట్లో ఏదీ లాక్కోరు, అందిస్తే అందుకుంటారు. లేచేటప్పుడు వాడు గడప దాకా వచ్చి, ఈసారి ఎగతాళి లేకుండా అన్నాడు.

"ఒక్కసారప్పా. నేను ముందర పోవాల, నువ్వు ఎనకాల రావాల. చిన్నప్పటి నుంచి దీనికే చూస్తాండా. ఆ నీళ్లు అట్లనన్నా దాటాల, లేకుంటే దాటొద్దు."

అలా చాలా ఆదివారాలు గడిచాయి. పెట్టెలో ఆట నిద్రపోతూనే ఉంది. నాకు మాత్రం నిద్ర పట్టడం తగ్గింది. ప్యానెళ్లు కడిగే నీళ్లు వరసల మధ్య పారుతుంటే దాని అవతల ఏముందోనని చూస్తూ నిలబడేవాణ్ని. నీళ్ల అవతల ఇంకో వరస ప్యానెళ్లు ఉండేవి.

ఇంతలో వాడు ఇంటి మీద మేడ వేశాడు. గృహప్రవేశానికి మొదటి తాంబూలం మాదే కదా. వాడు, వాడి భార్య, వెంట ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు మా గడపకు వచ్చారు. పళ్లెం పెద్దది, తమలపాకులు ఒత్తుగా పరిచి, పైన కొబ్బరికాయ, అరటిపండ్లు. వాడు వంగి పట్టుకున్నాడు. ఎప్పుడూ లేనంత వినయంగా వంగాడు. నేను వీపు నిలబెట్టి, చేతులు చాచి, చూపును వాడి తల మీదుగా ఎదురింటి డిష్ యాంటెనాకు పంపి, అందుకున్నాను. పళ్లెం కాస్త బరువుగా అనిపించింది. మా ఇంటి మర్యాదకు తగ్గ బరువే అనుకున్నాను.

"తాంబూలం ఎత్తినారు. మాట ఇచ్చినట్టే కదా పెద్దాయనా?" అని వాడు పెద్దమనుషుల్లో ఒకాయన్ని అడిగాడు.

"ఇచ్చినట్టే కదప్పా, మళ్లా అడగాల్నా?" అన్నాడాయన.

వాళ్లు వెళ్లాక లోపల నుంచి నా భార్య పిలిచింది.

"ఏమండీ, ఈ తాంబూలానికి గుండీలుండాయి."

ఆకుల కింద రెండో రిమోట్ ఉంది. దానికి పసుపు, కుంకుమ కూడా పెట్టాడు. నా భార్య గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ కిందికి జారి కూర్చుంది.

"ముందే చూసుకోకూడదా?"

"పళ్లెంలోకి చూడకూడదు."

"అందుకేనండీ పొలాలన్నీ పోయింది" అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఎత్తిన తాంబూలం తిప్పి పంపే ఆచారం మా ఊళ్లో లేదు. గృహప్రవేశమై, చుట్టాలంతా వెళ్లిపోయిన తర్వాతి ఆదివారం, రెండో రిమోట్‌ను జేబులో పెట్టుకుని వెళ్లాను. సోఫాలో వాడి పక్కనే కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి ఆకుపచ్చ ట్యాంకు నా చేతిలో ఉంది.

చేయి పాతది, టీవీ కొత్తది. నేను నొక్కాక ఒక లిప్త ఆగి ట్యాంకు కదిలేది. మా పాత టీవీలో ఇట్లా ఉండేది కాదన్నాను. వాడు టీవీలో ఏదో మార్చాడు, సరిపోయింది. పసుపు ట్యాంకు ముందుకు దూకింది. నా బొటనవేలు నన్ను అడగకుండానే ఒక గుండు వేసింది. వాడు నీళ్ల ఒడ్డున కొయ్యబారి నిలబడ్డాడు.

"ఏందప్పా ఇది! ముందర పోయేది నేను!"

"అలవాటు."

"నీ అలవాటు మీద మన్ను పడ. శత్రువులు ఆ పక్క ఉండారు!"

నీళ్ల స్టేజి మధ్యలో ఉన్నప్పుడు వీధిలో కరెంటు పోయింది. రాష్ట్రానికి కరెంటు పంపే ప్యానెళ్లు వాడి మేడ మీద నుంచి కనబడతాయి. అయినా పోయింది. ఇద్దరం ఒక్కసారే లేచి నిలబడ్డాం. చిన్నప్పుడు అంతే, ఫ్యాన్ ఆగితే ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. తెర మాత్రం వెలుగుతూనే ఉంది. యూపీఎస్ ఉన్న సంగతి ఇంటి యజమాని కూడా మరిచిపోయాడు. నిలబడే ఆడి ఆ స్టేజి దాటాం.

నీళ్ల అవతల ఇటుకలున్నాయి. ఆ తర్వాత మంచు, అడవి, మళ్లీ ఇటుకలు. వాడి భార్య భోజనం పెడతానని పిలిచి పిలిచి, ప్లేట్లు సోఫా దగ్గరికే తెచ్చింది. నేను పసుపు ట్యాంకు వెనకే వెళ్లాను. గుండ్లు కూడా చాలావరకు శత్రువులకే వేశాను. చివరి స్టేజి కూడా దాటాం. పిట్ట క్షేమంగా ఉంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.

మొదటి స్టేజి వచ్చింది. అవే ఇటుకలు, అదే పిట్ట. ఆట అయిపోవడమంటూ లేదు, తిరిగి మొదటికే వస్తుంది.

"ఇంతేనా?" అన్నాను.

వాడు సోఫా మీద నుంచి కిందపడి నవ్వాడు. నవ్వు ఆగేదాకా నేను నిటారుగా కూర్చున్నాను.

"మళ్లీ మొదలైంది కదా. కొత్త ఆట కింద లెక్క. ఒకటోది ఇటియ్యి."

"ఉత్త నోటితో అడిగితే ఎట్లప్పా? నేను నీ గడపకు తాంబూలం తేలేదా? నువ్వూ తే."

పటేలు ఇంటి నుంచి తాంబూలం బయటికి పోవడం మా వంశంలో లేదు. కానీ వాడి పళ్లెం మా అటక మీదే ఉంది. పరాయివాళ్ల పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదన్నది కూడా మా ఇంటి పద్ధతే. నా భార్య ఆ మాటను వారమంతా గుర్తుచేసింది. పావగడ బస్టాండు దగ్గర నేనే తమలపాకులు కొన్నాను. రెండో రిమోట్ తాంబూలంగా మాకు వచ్చింది కాబట్టి మాదే. దాన్ని ఆకుల కింద సర్ది, పైన అరటిపండ్లు పెట్టాను. వాడు చూడకుండా ఎత్తితే రెండోది మళ్లీ వాడిదే అవుతుంది.

హాల్లోకి వెళ్లి పళ్లెం చాచాను. వంగలేదు, చాచాను. వాడు చేతులు పెట్టలేదు. తల వంచి, పళ్లెంలోకి తీరిగ్గా చూశాడు.

"మేము చూసి ఎత్తేవాళ్లం పటేలా" అన్నాడు. ఒక్కో ఆకు పక్కకు తీశాడు. రిమోట్ కనబడగానే దాన్ని పైకెత్తి, "ఏమే, ఇట్ల రా, పటేలు దొంగతనం చూద్దువు!" అని భార్యను కేకేశాడు. పళ్లెం నా చేతుల్లోంచి తీసుకుని వంటింటి గడప దాకా చూపించడానికి పోయాడు.

ఒకటో రిమోట్ సోఫా మీద ఉంది. టీవీ ఇంకా వేయలేదు. ఎవరూ నాకు అందివ్వలేదు. నేను కూర్చుని, దాన్ని తీసుకుని, నొక్కాను. పెట్టె మేల్కొంది. నా చేతిలో ఒకటో దీపం వెలిగింది, తెర మీదికి పసుపు ట్యాంకు వచ్చింది.

"పటేలా!" అన్నాడు వాడు గడప దగ్గర నుంచి, ఒక చేతిలో పళ్లెం, ఇంకో చేతిలో రెండో రిమోట్.

"కూచోప్పా," అన్నాను, "ఆట మొదలైంది."