మంటకు పట్టిన క్యాసెట్

మొన్న ఒక కచేరీకి ముందు ఎవరో గడ్డి మంట వేసి డప్పు కాపుతుంటే, ఆ కమురు వాసనకు నా తొమ్మిదేళ్ల వయసు గుర్తొచ్చింది.

ఇబ్రహీంపట్నం చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. మా పక్కింట్లో అద్దెకున్న ఇంజనీరింగ్ కాలేజీ మాస్టారిది గుంటూరు. నేను డప్పు కొట్టడం విని ఒక ప్రోగ్రెసివ్ రాక్ ఇంగ్లీషు పాటల క్యాసెట్ ఇచ్చారు. "డ్రమ్స్ జాగ్రత్తగా వినమ్మా" అన్నారు.

విన్నాను. ఒక పాటలో తాళం తిరిగే ప్రతి చుట్టులోనూ ఎనిమిదో దెబ్బ లేదు. డప్పు చల్లబడి మోత తగ్గితే మంటకు కాపుతాం కదా, టేపు కూడా అలాగే చల్లబడిందనుకున్నాను. గడ్డి ముట్టించి క్యాసెట్‌ను మంటకు పట్టాను. ఒక మూల ప్లాస్టిక్ వంగింది గానీ ఎనిమిదో దెబ్బ రాలేదు.

ఏడుస్తూ మా నాన్నకు, బాపుకు చూపించాను. ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ డప్పు కొట్టే మనిషి ఆయన. పాటంతా విని, మోకాలి మీద వేళ్లతో లెక్కపెట్టి నవ్వాడు.

"టేపు మంచిగనే ఉంది బిడ్డా. ఆయన ఏడే కొడుతుండు. ఎనిమిదోది నువ్వే అడుగుతున్నవ్."

ఆ ఏడు దెబ్బల్ని నెలరోజులు వదల్లేదు. బోనాల ఊరేగింపులో, పదిమంది మగవాళ్ల మధ్య గౌను వేసుకున్న నేను వాటినే అందుకున్నాను. ముందు ఆడుతున్న పోతరాజు ఒక్క చుట్టు తడబడ్డాడు. రెండో చుట్టుకు ఆయన గజ్జెలు సరిగ్గా నా దెబ్బ మీదే పడ్డాయి.

"ఆపకు బిడ్డా! నీ ఎనుక నేనొస్త" అని బాపు అరిచాడు.

తర్వాత ఎన్నో వేదికల మీద డ్రమ్స్ వాయించాను. బాపు నా వెనక నడిచిన ఆ వీధంత పెద్ద వేదిక మాత్రం ఇంకా దొరకలేదు.