సోములమ్మ మనవరాలిని పొగిడిన పూట

అరకు కొండల్లో వలిసెలు పూసే రోజుల్లో రెండు రకాల మనుషులు దిగుతారు. ఒకరు పర్యాటకులు. పసుపు పూల మధ్య నిలబడి, చేతులు చాచి, గాలిని కౌగిలించుకున్నట్టు ఫోటోలు దిగుతారు. రెండో రకం పరిశోధకులు. వీళ్ళు మట్టి గోడల మధ్య నిలబడి దిగుతారు. పూలచేలో అడుగుపెట్టినందుకు పర్యాటకుడి దగ్గర రైతు ఎంతో కొంత పుచ్చుకుంటాడు. పరిశోధకుడికి మాత్రం అన్ని వాకిళ్ళూ ఉచితం. పైగా తాగడానికి టీ ఇస్తారు.

నిమ్మపుట్టులో సోములమ్మ ఇల్లు కొండవాలు చివర ఉంటుంది. ఇంటి వెనక సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. పొద్దున్నే మంచు ఆ చెట్ల మధ్యకు పాలలా దిగి, ఎండ వచ్చేదాకా కదలదు. ఆ మంచులోంచి ముందు సోములమ్మ గొంతు వస్తుంది, తర్వాత సోములమ్మ వస్తుంది. ఊరంతటికీ ఆ గొంతు తెలుసు. మేకను తిట్టినా, మనవరాలిని పిలిచినా ఒకే రాగం.

మనవరాలి పేరు ప్రసన్న. ఆ పేరు బడిలో పంతులు పిలవడానికే. ఇంట్లో సోములమ్మ దాన్ని ఎండుచేప అంటుంది, పీనుగ అంటుంది, కాకిముండ అంటుంది. ప్రసన్న తల్లి చిట్టి, తండ్రి మంగ్లు విశాఖలో కట్టే మేడలకు ఇటుకలు మోస్తూ, పండగలకీ నాట్లకీ వచ్చిపోతుంటారు. పాలు మరిచిన నాటి నుంచి ఆ పిల్ల సోములమ్మ వీపు మీదే పెరిగింది. వీపు మీద పెరిగిన పిల్లను మంచి మాటతో పిలవడం సోములమ్మ ఎన్నడూ చేయలేదు.

దానికో కారణం ఉంది. ఆ కొండ మీద పరాయివాళ్ళ ముందు పిల్లను మెచ్చుకోరు. బొద్దుగా ఉందనరు, తెలివైనదనరు, ముద్దొస్తోందనరు. అంటే వినే చెవులు చాలా ఉంటాయి, అన్నీ మనుషులవే కావు. సోములమ్మ తొలిచూలు కొడుకును సంతలో ఒక బట్టల వ్యాపారి బుగ్గ పుణికి, "ఎంత ముద్దుగున్నాడో" అన్నాడు. తర్వాతి సంత నాటికి వాడు లేడు. జ్వరమని నర్సమ్మ చెప్పింది. జ్వరమేనని సోములమ్మకూ తెలుసు. కానీ ఆ జ్వరానికి ఇల్లు చూపించిందెవరో కూడా తెలుసు. అందుకే మనవరాలి చుట్టూ తిట్లతో కంచె కట్టింది. వాళ్ళమ్మలూ అలాగే కట్టారు గనుక ఊళ్ళో పిల్లలకు ఆ కంచె సంగతి తెలుసు. ఎండుచేపా అని పిలిస్తే ప్రసన్న పరిగెత్తుకుని వస్తుంది.

ఆ వాకిట్లోకి ప్రొఫెసర్ శివప్రసాద్ వచ్చాడు. పెద్ద టోపీ, మోకాలి దాకా సాక్సులు, నడుముకు నీళ్ళ సీసా. జీవితంలో మొదటిసారి కొండ ఎక్కినవాడిలా కాక, కొండను తనే కనిపెట్టినవాడిలా నిలబడ్డాడు. ఏజెన్సీలో నిరుపేద కుటుంబాలు, బాలల శ్రేయస్సు అని ఆయన అధ్యయనం. వెంట సుమ అనే పరిశోధక విద్యార్థిని, ఆమె చేతిలో ట్యాబ్. భాష అడ్డం రాకుండా ఊరి కుర్రాడు ధనుంజయ్. సోములమ్మకు వాడు మరిది కొడుకు.

దిగువన రోడ్డు మీద వాళ్ళ కారు ఆగి ఉంది. దాని ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు దండ గుచ్చి వేలాడుతున్నాయి. కారుకు దిష్టి తగులుతుందని తెలిసిన మనిషికి, పిల్లకు తగులుతుందని తెలియకపోవడానికి చాలా చదువు కావాలి.

"అమ్మా, పాప బాగా తింటుందా?" అని అడిగింది సుమ.

"దీని మొకానికి తిండొకటి. ముద్ద మింగదు. సూడండి ఎలగుందో, గాలొత్తే ఎగిరిపోద్ది."

అదే సమయానికి అరుగు మీద ప్రసన్న రెండో గిన్నె చోడి అంబలి తాగి, గిన్నెలో వేలు పెట్టి తుడుచుకుంటోంది. సుమ ట్యాబ్‌లోంచి తల ఎత్తలేదు.

"చదువులో ఎలా ఉంది?"

"బుర్రనిండా పేడ తల్లీ. దానికేటొత్తాది?"

"పాపంటే మీకు ఇష్టమేనా?"

సోములమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. ఆరుబయట, పరాయివాళ్ళ ముందు, పట్టపగలు ఇలాంటి మాట అడగడానికి ఈ పిల్లకు తల్లి ఏమీ నేర్పలేదా అనుకుంది.

"దీన్నా? ఎవులైనా అడిగితే ఇచ్చెత్తాను. అట్టుకుపోతారేటి?" అని నవ్వింది. అరుగు మీద కూర్చున్న పక్కింటి సుక్రు ముసలాడు కూడా నవ్వాడు. ప్రసన్న పకపకా నవ్వింది. సుమ నవ్వలేదు. ట్యాబ్ మీద ఆమె వేళ్ళు ఒక్కక్షణం ఆగి, తర్వాత గబగబా కదిలాయి.

చివరగా ఒక అట్ట తీసింది. దాని మీద ఏడుపు నుంచి నవ్వు దాకా వరసగా గుండ్రటి మొహాలు. ఇందులో నువ్వు ఏదో చూపించమంది. ప్రసన్న కన్నీళ్ళు కారుతున్న మొహం మీద వేలు పెట్టి, "ఇది పన్నునొప్పొచ్చిన సుక్రు తాత" అంది. వేలు మాత్రమే ట్యాబ్‌లోకి వెళ్ళింది. పన్నునొప్పి వాకిట్లోనే ఉండిపోయింది.

వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. వలిసె పూలు రాలాయి. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. సోములమ్మ బుట్ట నడుముకు కట్టుకుని తోటలో ఉండగా ధనుంజయ్ ఆయాసపడుతూ వచ్చాడు.

"పెద్దమ్మా, పాడేరులో పిల్లల సంక్షేమం ఆఫీసుకు రమ్మన్నారు. ప్రసన్న గుంటని కూడా తేవాలంట."

"ఎందుకురా?"

"నువ్వు తిండెట్టవంట. దాన్ని తిడతావంట. ఎవరికైనా ఇచ్చేస్తానన్నావంట. పిల్ల ఏడుపు మొహం చూపించిందంట. అలగని ప్రొఫెసర్ గారు రాశారు. దిగువన ఏదో పిల్లల హోముంది, అక్కడికి పంపితే దీని బతుకు బాగుంటాదని..."

సోములమ్మ చేతిలో పండు చితికింది.

"వోళ్ళు రాత్తన్నప్పుడు నీ నోట్లో ఏటెట్టుకున్నావురా?"

"మధ్యలో మాటాడొద్దన్నారు పెద్దమ్మా. నా మాట కలిస్తే సమాచారం పాడైపోద్దంట."

"ఇప్పుడు బాగుందేటి మరి? కంపు కొట్టకుండా ఉందేటి?"

వాడు తల వంచుకుని చెప్పాల్సింది చెప్పాడు. "అక్కడ ఒక్క మాటంటే చాలు. గుంట బంగారమను. నా పాణమను. వదిలేస్తారు."

"వోళ్ళ ముందా?"

"వాళ్ళ ముందే."

"నీకు పుట్టినోళ్ళని అట్టుకెళ్ళి పొగుడు. నాకు సెప్పకు." బుట్టలో పళ్ళన్నీ ఒక్కసారి గోనె మీద గుమ్మరించింది. "ఏటనుకున్నార్రా మీరు? ఒకణ్ణి మట్టిలో ఎట్టొచ్చాను. ఇంకోదాన్ని నా నోటితో సూపించి పెట్టమంటారా?"

వాడు వెళ్ళిపోయాక ఆమె చాలాసేపు చెట్ల కింద కూర్చుంది. పొగడకపోతే కారు ఎక్కించుకుపోతారు. పొగిడితే ఇంకేదో ఎక్కించుకుపోతుంది. మిరియాల తీగల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఆమె చేతుల మీద పడుతూ ఉంది. ఏ చుక్కనూ ఆమె విదిలించుకోలేకపోయింది.

పాడేరు ఆఫీసు గదిలో ఫ్యాన్ చలికాలంలో కూడా తిరుగుతోంది. బల్ల వెనక నేత చీర కట్టిన పెద్ద మేడం. పక్కన నిపుణుడి హోదాలో శివప్రసాద్. ఈసారి టోపీ లేదు, టోపీ గీత నుదుటి మీద ఉంది. సుమ ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. గోడవారగా ఎవరెవరో గుమాస్తాలు. ప్రసన్న అమ్మమ్మ కొంగు గుప్పెట్లో బిగించి, అందరినీ ఒక్కొక్కరిగా చూస్తోంది.

"పాప మీద మీ అభిప్రాయం చెప్పండమ్మా," అంది పెద్ద మేడం. చెడ్డ మనిషి కాదు. చేతికి వచ్చిన నివేదిక తప్ప ఆమెకు మరో కొండ తెలియదు.

సోములమ్మ పిల్లను తన వెనక్కి లాక్కుంది.

"మీరు చెప్పకపోతే పాపని ఈ రోజే పంపాల్సి వస్తుంది."

"గుంటని బయటకెళ్ళమనండి. సెప్తాను."

"లేదమ్మా, పాప వినాలి. అది పాప మనసుకు మంచిది," అంది సుమ. ఎక్కడో చదివి నేర్చుకున్న మెత్తదనంతో.

సోములమ్మ కళ్ళు మూసుకుంది. లోపల ఎవరికో క్షమాపణ చెప్పుకున్నట్టు పెదాలు కదిలాయి. తర్వాత కళ్ళు తెరిచి, రాళ్ళు విసిరినట్టు ఒక్కొక్క మాటా విసిరింది.

"తింటాది. కడుపునిండా తింటాది, నా గిన్నెలోది కూడా లాక్కుని తింటాది. దాని కాళ్ళు గట్టివి. నేనెక్కలేని వాలు అదెక్కి నాకు సెయ్యందిత్తాది. సదువుతాది. సంతకెళ్తే సుక్రుగాడికి లెక్క అదే సెప్తాది. నిద్దర్లో నవ్వుద్ది. అది నవ్వితే నేను లేచి కూకుంటాను, మళ్ళీ నవ్వుద్దేమోనని. తెల్లారిపోద్ది. నాకు నిద్దరుండదు, నాకు అక్కర్లేదు. అది నా పక్కనుంటే సలి తెలీదు. అది లేకపోతే నేను పొద్దున్నే ఎందుకు లేవాల? సాలా? ఇంకేటి కావాల? అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి కదా, సూడండి. కడుపునిండా సూడండి."

ప్రసన్న నోరు తెరిచి అమ్మమ్మ వైపే చూస్తోంది. తన గురించి అన్ని మాటలు ఉన్నాయని ఆ పిల్లకు ఇప్పుడే తెలిసింది.

పెద్ద మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పాపను అమ్మమ్మ దగ్గరే ఉంచమని చెప్పింది. శివప్రసాద్ తృప్తిగా తల ఊపాడు.

"చూశారా మేడం? మొన్న మేం వెళ్ళినప్పుడు ఈవిడ నోట ఒక్క మంచి మాట లేదు. మా బృందం ఒక్కసారి వెళ్ళొస్తేనే సంరక్షకురాలి వైఖరిలో ఇంత మార్పు. చిన్న జోక్యం చాలు, కుటుంబం బాగుపడుతుంది." మాట్లాడుతుండగానే ఆ ముక్క ఆయన తలలో వ్యాసంగా అచ్చయిపోయింది. తర్వాత నిజంగానే అచ్చయింది. ఏసీ హాల్లో చదివాడు, చప్పట్లు కొట్టారు, మధ్యాహ్నం రెండు రకాల స్వీట్లతో భోజనం పెట్టారు.

గడప దాటుతుండగా సుమ వెనకే పరిగెత్తుకొచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ తడి అబద్ధం కాదు, అదే ఇంకా దరిద్రం.

"అమ్మా, ఆ నిద్రలో నవ్వే మాట ఇంకొక్కసారి చెబుతారా? రికార్డింగ్ ఆన్ చేయడం మరిచిపోయాను."

"మీయమ్మనడుగు," అంది సోములమ్మ ఆగకుండా. "నువ్వు నిద్దర్లో నవ్వేదానివో ఏడ్సేదానివో ఆవిడే సెప్తాది."

బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కన చోటు దొరికించుకుని పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. బస్సు కదలగానే మొదలుపెట్టింది. నల్లకాకి అంది, ఎండిన పుల్ల అంది, చూపు మెల్ల అంది, ఉన్న పళ్ళు ఊడిపోయేవి, ఊడినవి మొలవనివి అంది. కొండ మలుపుల్లో బస్సు వంకర తిరిగినప్పుడల్లా తిట్లు కూడా ఒక పక్కకి ఒరిగి మళ్ళీ నిటారయ్యాయి. జనం తిరిగి చూశారు. కొందరు నవ్వారు. సోములమ్మ చెయ్యి మాత్రం పిల్ల నుదుటి మీదే ఉంది, వేడి తగులుతుందేమోనని.

ముందు సీట్లో దిగువ నుంచి వచ్చిన ఒక ఆవిడ వెనక్కి తిరిగింది. "అంత ముద్దొచ్చే పిల్లని పట్టుకుని అలా తిడతావేంటమ్మా?"

సోములమ్మ తిట్లన్నీ అయిపోయినట్టు వెతుక్కుంది. కొంగు లాగి పిల్ల తల మీద, మొహం మీద కప్పేసింది.

కొంగు కిందనుంచి ప్రసన్న ఆమె చెవి దగ్గరకు జరిగింది.

"తిట్టమ్మమ్మా. ఇంకా గట్టిగా తిట్టు. ఆవిడికి ఇనపడాల."