మూడు సంచుల్లో ఒకే మట్టి

ఈమధ్య అమలాపురం బజారులో జామకాయకు కూడా స్టిక్కరు అంటించి అమ్ముతున్నారు. పీకితే స్టిక్కరు వస్తుంది, జిగురు రాదు. జామకాయ తనెవరో తనే చెప్పుకోగలదని నా అభిప్రాయం.

స్టిక్కర్లంటే నాకున్న విసుగుకు కారణం వేరే ఉంది. పదేళ్లకు పైగా దాన్ని మోస్తున్నాను. ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపాలు ఒప్పుకుంటూనే ఉన్నాను. గుంపులో ఒప్పుకోవడం సుఖం, ఎవరిది ఏదో బయటపడదు. మీకు మాత్రం విడిగా చెబుతాను.

బోటనీలో ఎమ్మెస్సీ చేసి ఖాళీగా ఉన్న రోజుల్లో, మడ అడవి మట్టిని పరీక్షించే ఒక బృందం దగ్గర కుదిరాను. రొయ్యల చెరువుల వాళ్లు మేతా ఎరువూ కలిసిన నీళ్లను కాలువ తవ్వి మడలోకి వదులుతున్నారు. ఆ కాలువను ఇంకా వెడల్పు చేస్తామన్నారు. పక్కనే ఉన్న చేపలు పట్టేవాళ్ల పేట వద్దంది. మట్టి చూసి చెబుతామని మా బృందం మధ్యలోకి వచ్చింది.

మడచెట్ల ఆకులూ వేళ్లూ బురదలో అంత తొందరగా కుళ్లవు. గాలిలో కలవాల్సిన కార్బన్ ఏళ్ల తరబడి అక్కడే పడుకుని ఉంటుంది. పోషకాలు ఎక్కువైతే పైన చెట్టు ఏపుగానే కనిపించవచ్చు. కింద మాత్రం, తిండి వెతుక్కునే అవసరం తప్పిన వేరు బద్ధకిస్తుంది. బురదలోని సూక్ష్మజీవులు నిలవ సరుకు మీద పడతాయి. వేరూ సరుకూ తగ్గితే గట్టు గుల్లవుతుంది. ఇక్కడ అలా జరుగుతోందా అన్నదే ప్రశ్న.

నా పని చిన్నది. కాలువ నీళ్లు పడే చోట, కొంచెం ఇవతల, బాగా దూరాన, మూడు చోట్ల గొట్టం దింపి మట్టి తియ్యాలి. పడవ సత్తిబాబు గారిది. ఆ పేట మనిషే, నాకంటే బాగా పెద్ద. దూరపు చోట ఒడ్డు గట్టిగా ఉంది. మిగతా రెండు చోట్లా తొడల దాకా బురద. ఆ మధ్యాహ్నం మురమళ్ళలో నాకు పెళ్లిచూపులు. ప్యాంటు కొత్తది.

మూడు సంచులూ ఆ గట్టి ఒడ్డునే నింపాను. మూడు చోట్ల పేర్లూ స్టిక్కర్ల మీద రాసి అంటించాను. అక్కడికి వెళ్లక్కర్లేదా అని సత్తిబాబు గారు అడిగితే, మడంతా ఒకటే మట్టి అన్నాను, తెలిసినవాడి గొంతుతో. ఆయ్ అని పడవ తిప్పారు.

మూడు సంచుల మట్టీ ఒకేలా ఉందని తేలింది. తేలక ఏం చేస్తుంది? కాలువ నీళ్లవల్ల మట్టికి తేడా ఏమీ లేదని నివేదిక వచ్చింది. పేటవాళ్ల అభ్యంతరం వీగిపోయింది. కాలువ వెడల్పయింది. నా పెళ్లి కూడా కుదిరింది, కుర్రాడు శుభ్రంగా ఉన్నాడన్నారు.

ఎందుకు చెప్పలేదు? మొదట ఉద్యోగం పోతుందని. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని. ఇప్పుడు లెక్చరర్ని. నమూనాలు ఎలా తియ్యాలో పిల్లలకు నేర్పుతాను. బాగా చెబుతానని పేరు.

ఇంతలో కాలువ దగ్గర గట్టు జారడం మొదలైంది. సత్తిబాబు గారు వలలు ఆరేసుకునే మెరక పోయింది. తర్వాత ఇల్లు. నా వల్లేనా? గోదావరీ సముద్రమూ కూడా గట్లు కోస్తాయి. నేను ఆ రోజు బురదలోకి దిగి ఉంటే ఏం తేలి ఉండేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను.

పోయిన నెల వెళ్లి ఆయనకు చెప్పేశాను. వల బాగుచేసుకుంటూ విన్నారు.

"నేను చూసేనుగాండీ. మూడూ ఒక్కచోటే తీసేరు. చదువుకున్నోరికి అది సరిపోద్దేమో అనుకున్నానండీ. మావోళ్లు కాదంటుంటే నేనే చెప్పేను, ఎమ్మెస్సీ గారు చూసేరు, పర్లేదంట అని."

నాకు గుండె తేలికైంది. నిజం, సిగ్గుపడుతూనే రాస్తున్నాను. క్షమించమని నేను అడగలేదు, క్షమించానని ఆయన అనలేదు. లేచి వస్తుంటే వెనక నుంచి అన్నారు.

"నాకు చెబితే ఏమొస్తాదండీ. చెప్పాల్సింది ఆ కాగితం రాసినోళ్లకి."