మీవాళ్లెవరు?

మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒడిలో కాగితం పెట్టుకుని ఉద్యోగానికి దరఖాస్తు నింపుతోంది. బీకాం పాసయ్యానని చెప్పింది. బంధువుల ఫోన్ నంబరు రాయాల్సిన చోట ఆగిపోయింది.

"అనాథల హోంలో పెరిగానాంటీ. పద్దెనిమిదేళ్లు నిండగానే పంపించేశారు. పోయిన చోటల్లా మీవాళ్లెవరని అడుగుతున్నారు. మీ నంబరు రాసుకోనా? మా మేనత్తని చెప్తా. ఏమనుకోమాకండి."

సంతోషంగానే ఇచ్చాను. దిగేటప్పుడు ధైర్యం కూడా చెప్పాను.

వారం తర్వాత కూరకు తాలింపు వేస్తుంటే ఎవరో ఫోన్ చేశారు.

"మేడం, కల్యాణి మీకేమవుద్ది?"

ఆ పేరుగలవాళ్లు మాకెవరూ లేరని చెప్పి పెట్టేశాను. తాలింపు మాడకముందే గుర్తొచ్చింది. ఆ అమ్మాయి పేరు నేను అడగనేలేదు. వెంటనే తిరిగి ఫోన్ చేసి, కల్యాణి నా మేనకోడలేనన్నాను.

"ఇప్పుడేగదండీ ఎవరూ లేరన్నారు?" అన్నాడతను.